సైకిలు మెడకు వెల యెంత?

సైకిలు కొనువారు మొట్టమొదట చూచునది రంగు. ఆ తరువాత టైర్లు నొక్కి చూతురు. సీటుమీద చేయి వేసి చూతురు. బెల్లు రెండుమార్లు మ్రోగింతురు. గేర్ల సైకిలైనచో పళ్ళచక్రము లెన్ని యున్నవో లెక్కపెట్టుదురు. హ్యాండిలునకు దిగువను, ఫ్రేము ముందు గొట్టమునకు పైకొన నొకటియు, క్రిందికొన నొకటియు అమరియుండు ఉక్కు గిన్నెలను మాత్రము ఎవరును చూడరు. మన సైకిలు షాపులలో వానిని హెడ్డు కప్పు లందురు. ఈ కప్పులు, వానిలోని గుండ్లు, గుండ్ల నదిమిపట్టు కోనులు, పైన బిగించు చెక్ నట్టు - ఇవి యన్నియు కలిసి సైకిలునకు మెడవంటివి. మెడ పట్టినప్పుడు గాని మెడ యున్నదని మనకు జ్ఞాపకము రాదు గదా! సైకిలు విషయమునను అంతే.

ఈ మెడ ప్రసక్తి మా యింటికి మొన్నటి దసరా సెలవులలో వచ్చినది. బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు సెలవులకు సైకిలుమీదనే అనంతపురము వచ్చెను. దారి 200 కిలోమీటర్లకు పైమాట. వచ్చినవాడు కాఫీ త్రాగుచునే ఫోను తీసి ఒక బొమ్మ చూపినాడు. అమెరికాలో తయారైన హెడ్డు కప్పుల జత యది.

"మామా, నా సైకిలు హ్యాండిలు నడిమికి వచ్చినప్పుడల్లా టక్కుమని పట్టుకుంటాది. రెండేండ్లలో రెండుసార్లు మార్పించినాను. ఇది ఒక్కసారి కొంటే మళ్ళీ చూసే పని లేదంట. కొనమంటావా?" అని యడిగెను.

వెల చూచితిమి. ఆ సొమ్ముతో ఊరిలో నల్లసైకిళ్ళు రెండు కొనవచ్చును. పిల్లవాడు సంపాదించుకొనుచున్నాడు, తన డబ్బు తాను పెట్టుకొనును. అయినను పెద్దవారిని ఒకమాట అడిగినప్పుడు తెలిసి చెప్పవలెను. "అంత డబ్బా!" అని ముక్కుమీద వ్రేలు వేసికొనుట సమాధానము కాదు. "మంచి వస్తువునకు వెల చూడకూడదు, కొను" అనుటయు సమాధానము కాదు. కావున రెండు మూడు దినములు ఈ విషయమునే విచారించితిమి. ఆ విచారణలో తేలినదానిని శ్రోతలకు విన్నవించుచున్నాము.

ముందుగా ఈ కప్పులు చేయు పని యేమో చూతము. సైకిలులో గుండ్లు చాలచోట్ల నున్నవి. చక్రముల ఇరుసులలో నున్నవి, పెడళ్ళలో నున్నవి, పెడళ్ళ ఇరుసు తిరుగు బీబీ కప్పులలో నున్నవి. అవి యన్నియు తిరుగుటకే ఏర్పడినవి. నల్లసైకిలు ఒక కిలోమీటరు నడచునప్పటికి దాని చక్రము దాదాపు 450 చుట్లు తిరుగును. అట్లు తిరుగుటచేత కప్పు చుట్టును సమానముగ అరుగును. గ్రీజును ఎప్పటికప్పుడు అంతట పరచుకొనుచుండును. హెడ్డులోని గుండ్ల బ్రతుకు వేరు. అవి చుట్టు తిరుగవు. తిన్నని దారిలో హ్యాండిలు అటు ఇటు రెండు మూడు డిగ్రీలు కదలును, మలుపులో మరికొంత. అంతకు మించి లేదు. గుండ్లు ఉన్నచోటనే యుండి దెబ్బలు తినుచుండును. ముందు చక్రము గుంతలో పడినను, రాయి నెక్కినను ఆ దెబ్బ ఫోర్కు వెంట పైకి వచ్చి మొదట తాకునది క్రింది కప్పునే.

పాతబడిన హెడ్డు విప్పి చూచినచో క్రింది కప్పులో గుండునకు ఒకటి చొప్పున వరుసగా చిన్న చిన్న గుంటలు కనబడును. హ్యాండిలు తిన్నగా నున్నప్పుడు గుండ్లన్నియు ఆ గుంటలలో కూర్చుండును. మా మేనల్లుడు చెప్పిన "టక్కు" అదియే. ఈ గుంటలెట్లు పడును? గుండ్లు సుత్తులవలె కప్పును పొడుచుటచేత పడునని చాలకాలము అందరును అనుకొనిరి. సైకిలు చక్రమును గూర్చి 1981లో ఒక ప్రసిద్ధ గ్రంథము ప్రకటించిన అమెరికా ఇంజనీరు జాబ్స్ట్ బ్రాంట్ (1935-2015) ఈ మాట నొప్పుకొనలేదు. ఆయన వాదము వేరు. గతుకులలో ఫోర్కు ముందువెనుకలకు వెంట్రుకవాసి వంగుచుండును. ఆ సూక్ష్మమైన కదలికకు గుండు దొర్లదు, ఒరయును. తిన్నగా పోవునంతసేపు గుండ్లు చోటు మారవు గనుక వాని క్రింది గ్రీజు ప్రక్కకు తొలగును. మరల వచ్చి చేరదు. అప్పుడు ఉక్కు ఉక్కును తాకి, సన్నని పొడి రాలి, గుంట పడును.

దీనికి మోటారు కార్ల చరిత్రలో ఒక దృష్టాంతము కలదు. 1930ల నాటి అమెరికాలో కొత్త కార్లను రైళ్ళమీద దూరప్రాంతములకు పంపినప్పుడు, రోడ్డు మొగమే చూడని ఆ కార్ల చక్రపు బేరింగులలో ఇట్టి గుంటలే కనబడినవి. చక్రము తిరుగలేదు. రైలు అదురు మాత్రమే బేరింగును తినివేసినది. దీనినుండి మనము గ్రహింపవలసిన దేమనగా, ఉక్కు ఎంత గట్టిదైనను, కందెన లేనిచోట ఒరయుచున్న గుండు దానిని తినకమానదు. కావున సైకిలు మెడకు కావలసినవి మూడు: లోపల గ్రీజు నిలుచుట, బయటి దుమ్ము లోపలికి రాకుండుట, పై కప్పును క్రింది కప్పును ఒకదాని కొకటి తిన్నగా కూర్చుండుట. వెల సంగతి ఈ మూటి తరువాత వచ్చును.

ఇక మన సీమ సంగతి. అనంతపురము పీఠభూమి వానచాటు ప్రదేశము. ఏడాదికి కురియు సగటు వర్షము 550 మిల్లీమీటర్ల ప్రాంతము. వానకు కొరత గాని గాలికి కొరత లేదు. ఆషాఢ శ్రావణములలో పడమటినుండి వీచు గాలి మబ్బును నిలువనీయదు. రామగిరి కొండలమీద గాలిమరలు నాటుటకు కారణ మా గాలియే. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో వేదవతీ తీరపు ఇసుక ఆ గాలికి లేచి చేలమీద దిబ్బలుగా పేరుకొనుట చూచినవారికి దాని బలము తెలియును. ఆ యిసుకయే, మన యెర్రనేల దుమ్మే సైకిలు క్రింది కప్పులోనికి చేరును. ముందు చక్రము దానిని ఎగజిమ్ముచుండును. కప్పు దానికి ఎదురుగా నోరు తెరచుకొని యుండును. కోస్తావారి సైకిళ్ళకు తుప్పు శత్రువు. మన సైకిళ్ళకు దుమ్ము. గ్రీజులో దుమ్ము కలిసినచో అది కందెన కాదు, సానపొడి. కత్తిని నూరినట్లు కప్పును నూరును.

మేము దీనిని పుస్తకములలో మాత్రమే నేర్చినవారము కాము. 2002వ సంవత్సరమున దేశమున పెక్కుచోట్ల నైరుతి వానలు తప్పినవి. మా పల్లెలో వేరుసెనగ చేలు ఊడలు దిగకమునుపే ఎండినవి. మా నాయనగారు పంటమీద ఆశ వదలుకొని, ఇంటి పాలును ఇరుగుపొరుగువారి పాలును రెండు క్యాన్లలో పోసి, నల్లసైకిలుకు కట్టుకొని పూటపూటకు టవునునకు చేర్చుచుండిరి. ఆ సైకిలు హెడ్డు అప్పటికే పట్టుచుండెను. కప్పులు మార్పింపవలెనని వారము వారము అనుకొనెడివారు. ఆ పనికి మజూరితో కూడ నూరు రూపాయలు కావు. కాని మేము ఆ యేడు విశ్వవిద్యాలయములో చదువుచుంటిమి. పరీక్ష ఫీజు గడువు ముందు వచ్చినది. ఫీజు కట్టినారు, కప్పులు ఆగినవి.

ఒకనాటి సాయంకాలము ఇసుక పేరిన బండిబాటలో ముందు చక్రము ఒక ప్రక్కకు లాగినది. తిరుగవలసిన హ్యాండిలు తిరుగక నడుమనే పట్టుకొన్నది. క్యాన్లతో సహా పడినారు. కుడి మణికట్టు విరిగినది. ఆరు వారములు కట్టు. ఆ ఆరు వారములును పాలు టవునునకు పోలేదు. నూరు రూపాయల కప్పులు మాకు చివరకు ఎంత ఖరీదు పడినవో మేము ఇంతవరకు లెక్క కట్టలేదు. ఆయన ఏనాడును ఆ మాట ఎత్తలేదు. ఈ కారణముచేతనే మేనల్లుడు అడిగిన ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయలేకపోయితిమి. మెడ విషయమున లోభము తగదు. అయితే లోభము మానుట యనగా ఎక్కువ వెల పెట్టుటయేనా? అది చూడవలసియున్నది.

మేలురకపు కప్పులలో పేరు మోసినవి అమెరికావాడైన క్రిస్ కింగ్ చేయించునవి. ఆయన 1976లో కాలిఫోర్నియాలో ఈ పని మొదలుపెట్టెను. ఆ కంపెనీ నేడు ఆరెగన్ రాష్ట్రమునందలి పోర్ట్‌లండులో నున్నది. జత వెల ఆ దేశముననే 150 డాలర్లకు పైబడి యుండును. ఇచ్చటికి తెప్పించుకొనుటకు ఖర్చులు వేరు. అంత వెలకు వచ్చునదేమి? గుండ్లు విడిగా నుండక ఉక్కు వలయముల నడుమ మూతతో కూడి యుండును. దీనిని మూసిన బేరింగు అందురు. దుమ్ము సులభముగ చొరదు. గ్రీజు సులభముగ పోదు. మూత తీసి కడిగి మరల గ్రీజు పెట్టుకొనవచ్చును. కప్పుల కొలత బహు నిక్కముగ నుండును. ఇన్నియు నిజమే. రంగురంగుల మెరుగు కొరకును, పేరు కొరకును అందులో కొంత సొమ్ము పోవుటయు నిజమే.

ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి యున్నది. మూసిన బేరింగు గొప్ప వెల కప్పులలో మాత్రమే దొరకునది కాదు. తైవాను దేశపు మధ్యరకపు కప్పులలోను అదియే పద్ధతి. వాని వెల అమెరికా జతలో అయిదవ వంతో, ఆరవ వంతో. ఈ పద్ధతిలో మరియొక మేలు కలదు. ఫోర్కు వంగినప్పుడు కలుగు సూక్ష్మపు కదలిక బేరింగునకు బయటి వాలుతలమునందు, అనగా బేరింగు కప్పులో కూర్చుండుచోట, జరిగిపోవును. లోపలి గుండ్లకు ఆ ఒరపిడి తగ్గును. పైన చెప్పిన గుంటల జబ్బునకు ఇదియే మందు. ఆ మందు మధ్యరకములోను ఉన్నది. బేరింగు అరిగినను కప్పులు పెరుకనక్కరలేదు. బేరింగు నొకదానినే మార్చుకొనవచ్చును.

నల్లసైకిలువారు మాత్రము ఈ ఆశ పెట్టుకొనరాదు. గేర్ల సైకిళ్ళలో 1990ల నుండి చెక్ నట్టు పోయి, హ్యాండిలు కాడయే ఫోర్కును బిగించి పట్టు పద్ధతి వచ్చినది. ఆ కప్పులు నల్లసైకిలునకు పట్టవు. మరచుట్ల కప్పులలోను కొలతలు పలురకములు. పాత ఇంగ్లీషు రాలీ సైకిళ్ళ ఫోర్కుమీద అంగుళమునకు 26 చుట్లు. తక్కినవానిలో చాలమట్టుకు 24. గొట్టము లోపలి కొలతలో మిల్లీమీటరులో అయిదవ వంతు తేడా వచ్చినను కప్పు వదులుగా నుండును, లేదా ఎక్కనే ఎక్కదు. కొలవకుండ కొన్న మేలురకము అలమారులో పెట్టుకొని చూచుటకు తప్ప పనికిరాదు.

ఇంత తెలిసికొని, మేనల్లునితో కూడ పాతూరులో మాకు పరిచయమున్న సైకిలు షాపునకు పోతిమి. అచ్చటి సాయిబుగారు నలువది యేండ్లుగా ఆ పనిలో నున్నవారు. గేర్ల సైకిలును త్రిప్పివేసి, ఫోర్కు ఊడదీసి, క్రింది కప్పును గుడ్డతో తుడిచి మాకు చూపినారు. గుంటలున్నవి. కాని చుట్టును సమానముగ లేవు. ఒక ప్రక్కనే లోతుగా నున్నవి. ఆయన వార్తాపత్రిక అంచును చించి కప్పునకును గొట్టమునకును నడుమ జొనుపగా ఒక ప్రక్కను దూరినది, రెండవ ప్రక్కను దూరలేదు.

"కప్పు తప్పు కాదు సార్, కొట్టినోడి తప్పు. సుత్తితో కొట్టి ఎక్కించినారు. వాలుగా కూర్చోనుండాది. దీంట్లో బంగారు కప్పు ఏసినా ఇదే గతి" అన్నారు.

మేనల్లుడు రెండుసార్లు మార్పించినను రెండేండ్లకు మించి నిలువకపోవుటకు కారణము అప్పుడు తెలిసినది. సాయిబుగారు ఆ కప్పును తీసి, గొట్టము అంచున లేచియున్న ముల్లును ఆకురాయితో సవరించినారు. పొడుగాటి బోల్టు నొకదానిని గొట్టముగుండ దూర్చి, రెండు కొనలను మందపాటి వాషర్లు వేసి, నట్టును మెల్లమెల్లగా బిగించుచు కప్పును తిన్నగా లోపలికి లాగినారు. సుత్తి ముట్టలేదు. తాత్కాలికముగా కొత్త గుండ్లు వేసి, గ్రీజు నింపి, హ్యాండిలు ఎక్కించిరి. గంట పని. మజూరి 200 రూపాయలు అడిగినారు. మేనల్లుడు 300 ఇచ్చినాడు. మేము వారింపలేదు.

ఇక లెక్క చూతము. ఇది మా లెక్క. ఎవరి దారి, ఎవరి వాడుక వారిది. మేలురకపు జత దిగుమతి ఖర్చులతో 15,000 రూపాయలై 15 ఏండ్లు నిలిచిన దనుకొందము. ఏడాదికి 1,000 రూపాయలు. మధ్యరకము 2,500 రూపాయలై అయిదేండ్లు నిలిచినచో ఏడాదికి 500. నల్లసైకిలు కప్పులు 200 రూపాయలై మూడేండ్లు వచ్చినచో ఏడాదికి 70 రూపాయలు దాటవు. దానికి ఏటేట గ్రీజు మజూరి కలుపుకొనవలెను. 15 ఏండ్లు అదే ఫ్రేమును వాడువాడు, బరువు వేసికొని దేశములు తిరుగువాడు, దారిలో షాపు దొరకని చోట సైకిలు నిలిచిపోయినచో కష్టపడువాడు మేలురకము కొన్నను తప్పులేదు. అట్టివానికి ఆ 1,000 రూపాయలు నిశ్చింతకు పెట్టిన వెల. మూడు నాలుగేండ్లకు సైకిలునే మార్చువానికి అది దండుగ. మన సీమలో బడికి, చేనికి, అంగడికి పోవు సైకిలునకు సాధారణపు కప్పులే చాలును. కాని వానిని తిన్నగా ఎక్కింపవలెను, ఏటేట విప్పి చూడవలెను.

మేనల్లునికి మేము చెప్పినదియు ఇదియే. "మధ్యరకము కొను. మిగిలిన సొమ్ములో కొంత మంచి పనివానికిమ్ము. కప్పును సుత్తితో కొట్టనీయకుము" అంటిమి. బెంగుళూరు చేరిన పిదప అట్లే చేసినాడు.

శ్రోతలు తమ సైకిళ్ళను తామే పరీక్షించుకొనవచ్చును. ముందు బ్రేకు గట్టిగా పట్టి, ఎడమచేతి వ్రేళ్ళను క్రింది కప్పుమీద నుంచి, సైకిలును ముందుకు వెనుకకు ఊపుడు. వ్రేళ్ళ క్రింద టకటక తగిలినచో హెడ్డు వదులైనది. తరువాత ముందు చక్రమును నేలనుండి పైకెత్తి, హ్యాండిలును ఒక్క వ్రేలితో అటు ఇటు త్రిప్పుడు. చివరివరకు బిరుసుగా నున్నచో చెక్ నట్టు ఎక్కువ బిగిసినది. సులభముగ తిరుగుచు నడుమకు వచ్చినప్పుడు మాత్రము పట్టుకొన్నచో కప్పులో గుంటలు పడినవి. వదులును బిగువును స్పానరుతో సరిచేయవచ్చును. గుంటలను సరిచేయలేము, కప్పులు మార్చుకొనవలెను.

అప్పటికప్పుడు డబ్బు చేతిలో లేనివారికి పాత పనివారి ఉపాయ మొకటి కలదు. గుండ్లను వరుసగా పట్టియుంచు రేకువలయమును తీసివేసి, విడిగుండ్లను కప్పునిండ పేర్చి, ఒక్క గుండు తగ్గించి మూయవలెను. గుండ్ల ఎడము మారును గనుక అవి పాత గుంటలలో అన్నియు ఒక్కసారి పడవు. కొన్ని నెలలు గడచును. ఇది వాయిదా మాత్రమే గాని చికిత్స కాదు. దుమ్మునకు మరియొక ఉపాయము: పాత ట్యూబునుండి రెండంగుళముల ముక్క కోసి, ఫోర్కు తీసినప్పుడు గొట్టము క్రిందికొనకు తొడిగి, తరువాత కప్పు మూతిమీదికి లాగవలెను. హ్యాండిలును పట్టనంత వదులుగ, దుమ్ము చొరనంత బిగువుగ నుండవలెను. దీనికి కానీ ఖర్చు లేదు. ఆషాఢపు గాలులు లేవకమునుపే ఈ పని చేయుట మంచిది.

మా నాయనగారి నల్లసైకిలు ఇప్పటికిని మా యింట నున్నది. ఆయనకు డెబ్బది దాటినవి. ఎక్కుట మానినారు గాని ఎవరికిని ఈయనీయరు. సాయిబుగారి షాపునకు పోయిన మరునాడు దానికిని హెడ్డు విప్పించి, గ్రీజు పెట్టించి, ట్యూబు ముక్క తొడిగించి తెచ్చితిమి. ఆయన ముందు చక్రమును పైకెత్తి, ఎడమచేతి చూపుడు వ్రేలితో హ్యాండిలును త్రిప్పి చూచి, "బాగుంది, ఎంతైంది?" అని యడిగినారు. చెప్పితిమి. తల యూచి లోపలికి పోయినారు.

మీ యింటిలో సైకిలున్నచో ఈ ప్రసంగము ముగిసిన పిదప ఒక్క నిమిషము దాని ముందు చక్రము నెత్తి హ్యాండిలు త్రిప్పి చూడుడు. బడికి పోవు పిల్లల సైకిలైనచో రేపటివరకు ఆగవలదు.